శుక్రవారం కడిగిన బోర్డు

వైర్‌మన్ యేసుబాబు అంటే నాకు గిట్టేది కాదు. ఆ మాట మొదటే చెప్పడం మంచిది. ఆయన పోయినప్పుడు మిషన్ కాంపౌండులో సభ పెట్టి, శాంతమూర్తి అని ఒకరు, అందరికీ తలలో నాలుకలా మెలిగాడని ఒకరు చెబుతుంటే, వెనక బెంచీలో కూర్చున్న నాకు ఒళ్లు మండింది. యేసుబాబు ఎవరికీ తలలో నాలుక కాదు. మార్కాపురంలో కరెంటు ఉన్న ప్రతి ఇంటివాడితోనూ ఆయనకు తగువే. గుమ్మం ముందు నిలబడి, ఇంటి యజమాని మొహం మీదే, ఇట్లా ఉంటే ఈ ఇంట్లో పీనుగ లేస్తుందని చెప్పి పోయే మనిషిని ఎవరు మెచ్చుకుంటారు? పైగా ఆయన చెప్పింది ఎప్పుడూ అబద్ధం కాదు. అందుకే మరీ గిట్టేది కాదు.

ఆయన పుట్టింది పొదిలి దారిలో ఒక పల్లెలో, ఊరికి దూరంగా విసిరేసినట్టుండే వాడలో. తండ్రి ఒక మోతుబరి దగ్గర పాలేరు. మిషన్ స్కూల్లో ఎనిమిది దాకా చదివి, మద్రాసు పారిపోయి, ఒక కంట్రాక్టరు కింద కరెంటు పని నేర్చుకున్నాడు. యుద్ధం వచ్చినప్పుడు మిలిటరీ క్యాంపులకు తీగలు లాగాడు. అక్కడే ఎడమ చేతి రెండు వేళ్లు కాలి వంకర తిరిగాయి. యుద్ధం ముగిశాక భార్య లీదియాను వెంటబెట్టుకుని మార్కాపురం వచ్చి, ఊరికి కరెంటు ఇచ్చే కంపెనీలో వైర్‌మన్‌గా చేరాడు. ఎవరైనా ఎదురు మాట్లాడితే ఆ రెండు వేళ్లూ వాళ్ల కళ్ల ముందు పెట్టేవాడు. అదే ఆయన వాదన.

అప్పటికి మా తాలూకా కర్నూలు జిల్లాలో ఉండేది, మద్రాసు గవర్నరు ఏలుబడి. ఊళ్లో ఆ పని తెలిసినవాడు యేసుబాబు ఒక్కడే. కాబట్టి మా వాళ్లకు ఆయన కావాలి. అయితే వసారా దాటి రాకూడదు. పని ఇంటి లోపల, పనివాడు ఇంటి బయట. ఆయన గడప అవతల నిలబడి, అది పట్టుకో, ఇది తిప్పు అని చెబుతుంటే ఇంట్లోవాళ్లు తెలిసీ తెలియక తిప్పేవాళ్లు. దాహమైతే దోసిట్లో పోసే నీళ్లు తాగేవాడు కాదు. మిలిటరీ సీసాలో తన నీళ్లు తనే తెచ్చుకునేవాడు. మా ఇళ్లలో దాన్ని పొగరు అనేవాళ్లు. నేనూ అన్నాను.

మా నాయన మాలకొండయ్య. ముప్పై ఎకరాల మెట్ట, పలకల రాయి తీసే గని ఒకటి ఉండేవి. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనే మనిషి. మా ఇల్లు ముత్తాత కట్టించిన మిద్దె. రాళ్లకు మట్టి పెట్టి కట్టిన గోడలు మూరెడు మందం. వానాకాలం తాగిన నీళ్లను మాఘమాసం దాకా వదిలేవి కావు.

యుద్ధానికి ముందు, ఊళ్లోకి కరెంటు వచ్చిన కొత్తలో మా ఇంటికి తీగలు వేసినవాడు ఎక్కడినుంచో వచ్చిన కంట్రాక్టరు. మీటరూ మెయిన్ స్విచ్చీ బిగించడానికి టేకు చెక్క కావాలన్నాడట. దేశమంతా పలకలు పంపే ఊళ్లో చెక్క ఏందయ్యా అని నాయన నవ్వాడు. గని నుంచి రెండు మూరల పలక ఒకటి తెప్పించాడు. మామూలు పలక కూడా కాదు. దాని నడుమ బొటనవేలంత మందాన బంగారు రంగు చార ఒకటి పైనుంచి కిందికి మెరుస్తూ ఉండేది. గనిలో అట్లాంటి రాయిని పక్కన పారేస్తారు. దాని మీద బలపం జారుతుంది, అక్షరం పడదు. రాతకు పనికిరాని రాయి నాయన కళ్లకు నగలా కనిపించింది. నూనె పట్టించి, నిగనిగలాడించి, హాలు గోడకు ఎత్తించాడు. వసారాలో బిగిస్తే దారిన పోయేవాళ్లు చూస్తారు, హాల్లో అయితే ఇంటికొచ్చే పెద్దమనుషులు చూస్తారు. దోర్నాల నుంచి వచ్చిన చుట్టాలకు ముందు ఆ బోర్డు చూపించి, తర్వాతే మంచినీళ్లు ఇచ్చేవాళ్లం. కంట్రాక్టరు చార వంక ఒకసారి చూసి, ఏమీ అనకుండా బిగించి రైలెక్కాడు.

మెయిన్ స్విచ్చి అంటే ఆ రోజుల్లో ఇనుప డబ్బా. వానాకాలంలో దాన్ని ముట్టుకుంటే చేతి మీద చీమలు పాకినట్టుండేది. మా అమ్మ సుశీలమ్మ దాన్ని మహిమ అనుకుంది. దీపం ఇచ్చే తల్లి అందులో ఉందనుకుంది. అప్పటినుంచి ప్రతి శుక్రవారం సాయంత్రం స్నానం చేసి, తడిచీరతోనే వచ్చి, పలకంతా తడిగుడ్డతో తుడిచి, డబ్బాకు పసుపు రాసి కుంకుమ పెట్టేది. మా ఊళ్లో పలక అన్నాక తడిపి తుడవాల్సిందే. బళ్లో పిల్లలు ఉమ్మేసి తుడుస్తారు, మా అమ్మ చెంబుతో నీళ్లు పెట్టుకుని తుడిచేది. అంతే తేడా.

పదేళ్లు ఏమీ కాలేదు. కారణం అమ్మ భక్తి కాదు. కంపెనీ ఇంజను సాయంత్రం ఆరింటికి గానీ తిరిగేది కాదు, అమ్మ అయిదింటికే తుడవడం ముగించేది. ఆరింటికి కరెంటు వచ్చేసరికి పలక ఆరిపోయి ఉండేది.

ఇంకో పని నేను చేశాను. తీగ వీధి స్తంభం నుంచి గోడలోంచి లోపలికి దిగే చోట, పలకకు పైన చేయి చాచితే అందేంత ఎత్తులో, చెక్క దిమ్మెకు ఒక పింగాణీ ఫ్యూజు ఉండేది. కరెంటు దారి తప్పితే అందులోని సన్నతీగ కరిగి తెగిపోవాలి. వానలప్పుడు అది మాటిమాటికీ తెగిపోయి ఇల్లు చీకటయ్యేది. ఎస్సెల్సీ పాసైన తెలివితో నేను సన్నతీగ తీసేసి, రెండు పేటల లావు రాగి తీగ చుట్టాను. ఆ తర్వాత ఎప్పుడూ తెగలేదు. నాయన నన్ను నలుగురిలో మెచ్చుకున్నాడు.

నలభై ఆరులో కంపెనీ కొత్త ఇంజను తెచ్చింది. ఇక పగలంతా కూడా కరెంటు ఇస్తామని, అంతకుముందు పాత ఇళ్ల వైరింగు చూసి, బాగుంటేనే కాగితం మీద సంతకం చేస్తామని దండోరా వేయించింది. చూసేవాడు యేసుబాబు. మా ఇంటికి వచ్చి లోపలికి రానిమ్మని అడిగాడు. అక్కడినుంచే చూడు, కళ్లు లేవా అన్నాడు నాయన. గడప అవతల నిలబడి టార్చి వేసి చూశాడు. పలకలో ఆ మెరిసేది ఏమిటని నన్ను అడిగాడు. మా గనిలో తప్ప ఎక్కడా దొరకని రాయి అని గొప్పగా చెప్పాను. డబ్బా మీద పసుపు ఎందుకుందని అడిగాడు. శుక్రవారం సంగతి చెప్పాను. ఆయన టార్చి ఇంకోసారి పలక మీద వేసి చూశాడు.

తర్వాత మూడు పనులు చెయ్యమన్నాడు. ఆ పలక తీసేసి టేకు చెక్క పెట్టాలి, మీటరూ స్విచ్చీ వసారాలోకి మార్చాలి, ఇంటి ముందు గొయ్యి తవ్వి, ఉప్పూ బొగ్గులూ వేసి, డబ్బా నుంచి తీగ తెచ్చి అందులో పాతాలి. మూడోది వినగానే లోపల అమ్మ చేతిలో గిన్నె కింద పడింది. మా వైపు ఇంటి ముందు ఉప్పూ బొగ్గులూ పాతేది ఆ ఇంటికి కీడు కోరేవాళ్లు. తప్పిన కరెంటు మనిషి ఒంట్లోంచి పోకుండా భూమిలోకి పోవడానికని ఆయన చెప్పాడు. ఎవరూ వినలేదు. నాయన కుర్చీలోంచి లేచాడు.

"నా గని రాయికి వంక పెట్టేదానికి నువ్వెవురివిరా?"

"రాయికి వంక లేదయ్యా. రాయిలో ఇనుముంది. దాంట్లో కరెంటు పారతాది. తడి తగిలితే ఆ డబ్బా ముట్టుకున్నోళ్లు చస్తారు."

శుభమా అని ఇంట్లో నిలబడి చావు మాట అన్నందుకు, నిజానికి ఇంటి బయట నిలబడి అన్నందుకు, నాయన ఆయన్ను నానా మాటలూ తిట్టాడు. యేసుబాబు అన్నీ విని, సంతకం చెయ్యకుండానే కాగితం మడిచి జేబులో పెట్టుకుపోయాడు. మొండివాడు రాజు కంటే బలవంతుడు అంటారు గానీ, ఇక్కడ ఇద్దరూ మొండివాళ్లే, ఇద్దరిలో ఒకడికి పలుకుబడి ఉంది. నాయన కంపెనీ ఆఫీసుకు పోయి, మేనేజరు ఊళ్లో లేని రోజు చూసి, ఒక గుమాస్తా చేత ఇంకో కాగితం మీద ఆ సంతకం పెట్టించుకొచ్చాడు.

పగటి కరెంటు మొదలయ్యే ముందు రోజు గురువారం. యేసుబాబు మళ్లీ వచ్చాడు. ఈసారి గొడవ పెట్టుకోలేదు. రేపటినుంచి పగలు కూడా కరెంటు ఉంటుందని, రేపు శుక్రవారమని, పలక మీద తడిగుడ్డ పెట్టొద్దని అమ్మగారికి చెప్పమని అడిగాడు. అది ఒక్కటి చేస్తే చాలు, మిగతావి తర్వాత చూసుకోవచ్చన్నాడు. చెప్పావుగా, ఇక పో అన్నాడు నాయన. ఆయన పోయాక నా వైపు తిరిగాడు.

"వాని మాట ఇంట్లో చెప్పబాకు. రేపు పొయ్యి గూడా వానినడిగే ముట్టియ్యాల్సొస్తాది."

నేను చెప్పలేదు. ఈ ఒక్క సంగతిలో నాయనను అనడానికి నాకు నోరు లేదు. నాకు ఇరవై నాలుగేళ్లు. నా కుర్చీ నుంచి అమ్మ ఉన్న వంటింటికి పది అడుగులు. చెబితే యేసుబాబు గెలిచినట్టవుతుందని నోరు మూసుకున్నాను.

శుక్రవారం నాలుగు దాటాక చూస్తే యేసుబాబు మా ఇంటి ఎదురుగా వీధిలో, ఎర్రటెండలో, సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. నాయన పెరట్లో గొడ్ల దగ్గర ఉన్నాడు. నేను వసారాలోకి వచ్చి, ఎవరి కోసం కాపలా కాస్తున్నావని గద్దించాను. అమ్మగారు బోర్డు తుడిచారా, ఇంకా లేదా అని అడిగాడు. నీకెందుకన్నాను. తడి పెట్టొద్దని ఆమెకు చెప్పారా అని అడిగాడు. నీకెందుకని మళ్లీ అన్నాను. నా మొహం చూసి ఆయనకు తెలిసిపోయింది. సైకిలు వదిలేసి వసారా మెట్ల దాకా వచ్చి, అమ్మా అని లోపలికి ఒక కేక వేశాడు. నేను అడ్డంగా నిలబడ్డాను.

అప్పుడే హాల్లో చెంబు పడింది. వెంటనే గొంతులో ఏదో అడ్డం పడినట్టు ఒక శబ్దం. యేసుబాబు భుజంతో నన్ను పక్కకు తోసి లోపలికి దూకాడు. ఆ వాడ మనిషి ఒళ్లు నాకు తగలడం అదే మొదలు. లోపల అమ్మ ఏమైందో అని కాదు, నన్ను ముట్టుకున్నాడే అన్న ఆలోచన ముందు వచ్చింది నాకు. నేను అట్లాంటివాణ్ని.

అమ్మ కుడిచెయ్యి ఇనుప డబ్బాను బిగించి పట్టుకుని ఉంది. ఒళ్లంతా కొట్టుకుంటోంది. కళ్లు తేలేసింది. నేను పట్టుకోబోయాను. యేసుబాబు నా రొమ్ము మీద చెయ్యి పెట్టి వెనక్కి నెట్టాడు. గోడకు ఆనించిన భోజనాల పీట తీసుకుని, దాని అంచుతో అమ్మ మణికట్టు మీద బలంగా కొట్టాడు. చెయ్యి ఊడింది, అమ్మ కింద పడింది. ఆయన పైకి చేయి చాచి, పింగాణీ ఫ్యూజును పీకేశాడు. అమ్మ పక్కన మోకాళ్ల మీద కూర్చుని ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూశాడు. అమ్మ మూలిగింది. డాక్టరును పిలవండి అని ఒక్క మాట అని లేచాడు.

నాయన పెరటి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆయన చూపు ముందు అమ్మ మీద పడలేదు. యేసుబాబు పాదాల మీద పడింది. మా హాల్లో, దేవుడి గది ఎదురుగా, టైరు చెప్పులు. యేసుబాబు ఆ చూపు చూశాడు. వచ్చిన దారినే బయటికి పోయి సైకిలెక్కాడు.

అమ్మ బతికింది. అరచెయ్యి కాలింది, మణికట్టు వాచింది. డాక్టరు కట్టు కట్టి అటు పోగానే నాయన ఇల్లు కడిగించాడు. అమ్మను పెరట్లో మంచం మీద పడుకోబెట్టి, బావి దగ్గర పాలేళ్లను పెట్టి, కడవల కొద్దీ తోడించాడు. గడప, వసారా, హాలు, చివరికి గోడలు కూడా. వాడి చెయ్యి ఈ గోడకు తగిలిందన్నాడు. ఆ గోడ పని పాలేళ్లకు చెప్పలేదు, నాకే చెప్పాడు. పసుపు నీళ్ల కడవ ఆయన అందిస్తే నేను పలక మీద గుమ్మరించాను. బంగారు చార వెంట గోనెపట్టాతో రుద్దాను. ఇనుప డబ్బాను రెండు చేతులా పట్టుకుని అంచులు కడిగాను. మంచం మీద నుంచి, పెరటి గుమ్మంలోంచి అమ్మ చూస్తూనే ఉంది. ఆమె కూడా వద్దనలేదు.

చీకటి పడ్డాక వీధంతా దీపాలు వెలిగాయి. మా ఇల్లు వెలగలేదు. లాంతరు ఎత్తి పైకి చూస్తే ఫ్యూజు ఉండాల్సిన చోట ఖాళీ. ఎంత వెతికినా ఇంట్లో ఎక్కడా లేదు. నాయన మొహంలో వెలుగు కనబడింది. అంతసేపూ ఆయనకు ఏం అనాలో తోచలేదు, ఇప్పుడు తోచింది. దొంగ అన్నాడు.

మేనేజరుకు కంప్లయింటు రాసింది నేనే. నా చేతిరాత బాగుంటుంది. ఫలానా శుక్రవారం సాయంత్రం మీ వైర్‌మన్ యేసుబాబు వద్దంటున్నా మా ఇంట్లో జొరబడి, చెప్పులతో తిరిగి ఇల్లు మైలపరచి, నన్ను నెట్టి, నా తల్లిని పీటతో కొట్టి, పింగాణీ ఫ్యూజు ఒకటి దొంగిలించుకు పోయినాడు. ఒక్కో ముక్కా విడిగా చూస్తే అబద్ధం లేదు. అంత నీచమైన కాగితం నేను మళ్లీ రాయలేదు. ఆ కాగితం వల్లే ఆయన మార్కాపురం వదిలిపోవాల్సి వచ్చింది. గిద్దలూరు పోయి, రైల్వే పనుల్లో చేరి, ముసలితనంలో గానీ లీదియాతో ఈ ఊరికి తిరిగి రాలేదు.

సోమవారం మేనేజరు మమ్మల్ని పిలిపించాడు. నాయనకూ నాకూ కుర్చీలు వేశారు. యేసుబాబు బల్ల ముందు నిలబడ్డాడు. మేనేజరు నా కాగితం పైకి చదివాడు. లోపలికి పోయావా అంటే పోయానన్నాడు. ఆమెను కొట్టావా అంటే కొట్టానన్నాడు. ఫ్యూజు తీసుకున్నావా అంటే, ఖాకీ చొక్కా జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాడు. నేను చుట్టిన లావు రాగి తీగ అందులోనే ఉంది. ఆయన దాన్ని చూశాడు, నన్ను చూశాడు, దాని గురించి మాత్రం ఏమీ అనలేదు.

మేనేజరు ఒక మాట అడిగాడు. ఆమెను కాపాడటానికి ఫ్యూజు పీకావు, సరే, అక్కడే వాళ్ల చేతికి ఇచ్చి, చెప్పి రావచ్చు కదా, జేబులో వేసుకుని ఎందుకు పోయావు?

"ఆడ పెడితే మళ్లా తగిలిచ్చుకుంటారు సార్. నేను లోపలికి పోయినాను గదా. నేనిట్ల బయటికొస్తానే ఇల్లు కడుగుతారు. ఆ పలక గూడా కడుగుతారు. ఎవురన్నా పట్టుకుంటే, రెండోసారి నన్ను లోపలికి రానీరు."

మేనేజరు నాయనను చూసి, కడిగారా అని అడిగాడు. నాయన కిటికీ వైపు చూస్తున్నాడు. మేనేజరు నా వైపు తిరిగి, పలకను ఎవరు కడిగారని అడిగాడు.

"నేనే సార్" అన్నాను.

బల్ల మీద ఉన్న నా చేతుల్ని మేనేజరు చూశాడు. యేసుబాబు కూడా చూశాడు. గోళ్ల సందుల్లో పసుపు ఇంకా పోలేదు. నేను చేతులు తీసి బల్ల కింద పెట్టుకున్నాను.